నురగ కోత

కళ్లకు గంత కట్టి అంజన్ చేతిలో ఏ గడియారపు డబ్బా పెట్టినా సరే, మూత విప్పకుండా లోపల ఏ బోర్డు ఉందో చెప్పేస్తాడు. అది ఏ దేశంలో పుట్టిందో, దాన్ని బిగించిన పిల్లకు ఆ పూట జలుబు చేసిందో లేదో కూడా చెప్తాడు. నేను చూశాను. ఈ మాట కాదన్నవాడు బహదూర్‌పురాలో లేడు. ఉన్నా నాకు ఎదురుపడలేదు.

గడియారమంటే గోడకు వేలాడేది అనుకునేరు. ఇవి సెల్‌ఫోన్ టవర్లలోంచి, మూతపడ్డ ల్యాబుల్లోంచి, పరుగు పందేల మైదానాల్లోంచి ఊడదీసిన డబ్బాలు. సెకనును వెయ్యి ముక్కలు కోసి ముక్కముక్కకూ లెక్క చెప్పేవి. వేలంలో గోనెసంచుల్లో వస్తాయి. పైన ఒకే పేరు, ఒకే రంగు, ఒకే మీటలు. లోపల మాత్రం కంపెనీవాడు బుద్ధి పుట్టినప్పుడల్లా బోర్డు మార్చేస్తాడు. బోర్డుకు తగ్గట్టు ప్రోగ్రాం మార్చేస్తాడు. పేరు ఒక్కటే మార్చడు. ఏ బోర్డుకు ఏ ప్రోగ్రాం సరిపడుతుందో కనిపెట్టి, చచ్చినదాన్ని లేపి కూర్చోబెట్టి అమ్ముకోవడం అంజన్ బతుకుతెరువు.

ఆ సాయంత్రం అతను ఒక టవర్ గడియారం పొట్ట విప్పి, కంటికి భూతద్దం బిగించుకుని, బోర్డు మూలన అచ్చేసిన చీమంత అక్షరాన్ని చదవబోతున్నాడు. దుకాణం మెట్టు మీద ఖాళీ పాలక్యాను దడాలున పడింది. క్యాను వెనక అక్క పుష్పమ్మ. ఆమె వెనక కూతురు లావణ్య. మైదానం ఎర్రమట్టి ఇంకా కాళ్లకే ఉంది.

"నీ డబ్బాలు అవుతల వెట్టు తమ్మీ," అంది పుష్పమ్మ. "పోరిని తీసేసిండ్రు."

"ఏడికెల్లి?"

"హాస్టల్ లిస్టు కెల్లి! ఆటల హాస్టల్ లిస్టు కెల్లి! ఇంకేడికెల్లి తీస్తరు, ఇంట్లకెల్లి తీస్తరా?"

ఆ హాస్టల్లో సీటు దొరికితే తిండి, చదువు, బూట్లు, కోచ్ అన్నీ వాళ్లవే. లావణ్య రెండేళ్లుగా తెల్లారుజామున జూపార్కు గోడ పక్కన పరుగెత్తుతున్నది దానికోసమే. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఇక సీటన్న మాట లేదు.

"వందమీటర్ల ఉరుకుడు," పుష్పమ్మ మెట్టు మీదే కూలబడింది. "బ్యాచులు బ్యాచులుగ ఉరికిచ్చిండ్రు. దీని బ్యాచుల నందిని ఫస్టు, ఇది సెకండు. గుడిమల్కాపూర్ల పూలమ్మే ఆమె బిడ్డ లేదా, గా నందిని. ఇద్దర్ని తీసుకోలే. టైములు సూసి తీసుకున్నరట, టైములు!"

"తీసుకున్నోళ్లల్ల ప్రాక్టీసుల మా ఎనకాల ఉరికేటోళ్లు ఉన్నరు మామా," అంది లావణ్య. ఆ పిల్ల ఏడవలేదు. ఏడుపంతా వాళ్లమ్మే కోపంగా మార్చి వాడేసుకుంటోంది. "అందరు పొద్దుగాల ఉరికినోళ్లే. మధ్యాహ్నం ఉరికినోళ్లల్ల ఒక్కరు లేరు."

"ఒక్కరు గూడ?"

"ఒక్కరు గూడ."

అంజన్ భూతద్దం ఊడబీకి బల్లమీద పడేశాడు.

"పొద్దుగాలోళ్లు జింకలు, మధ్యాహ్నపోళ్లు బర్రెలా?" అంది పుష్పమ్మ. "బర్రెలకైన నేను గిట్ల అన్యాలం జెయ్యను."

"రేపు పోదామక్కా. ఎవడడ్డమొస్తడో సూస్త," అన్నాడు అంజన్. దుకాణం షట్టరు ఆ రోజు దించిన తీరుకు పక్క దుకాణంలో టీ గ్లాసులు ఒలికాయి.

మర్నాడు హాస్టల్ ఆఫీసులో సెక్రటరీ శశిధర్ వాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించాడు. గుంటూరు వైపు మనిషి, పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. మాట వెన్నలా ఉంటుంది. వెన్నలాగే పట్టుకుంటే జారిపోతుంది.

"ఎండమ్మా," అన్నాడాయన. "మధ్యాహ్నం ఎండకు ఎవరైనా కాస్త నెమ్మదిస్తారు. మేమేం చేయగలం చెప్పండి?"

"ఎండ అని ఎర్కుంటె ఎండల ఎందుకు ఉరికిచ్చినవ్ సారూ? నువ్వైతె షామియాన కింద కూసుంటివి."

"అమ్మా, మనిషి పొరబడతాడు గానీ మెషీను పొరబడదు కదా. వాచీ నొక్కి టైము చూసే రోజులు పోయాయి. తుపాకి పేలగానే మెషీను మొదలవుతుంది, గీత దాటగానే ఆగుతుంది. మధ్యలో నా చెయ్యి లేదు, మీ చెయ్యి లేదు."

అంజన్ ముందుకు వంగాడు. "ఒకటే మెషీనా సార్, పొద్దుగాల, మధ్యాహ్నం?"

"రెండండీ. మొదటిదాని బ్యాటరీ అయిపోతే రెండోది పెట్టాం. తేడా ఏం లేదు, రెండూ జోడీ."

"జోడీ అని ఎవరు జెప్పిండ్రు? ఎన్నడన్న రెండిట్ని పక్కపక్కన వెట్టి సూసినవా?"

"చూడాల్సిన అవసరమేముంది? ఆన్ చేయగానే రెండింటి మీదా ఒకటే ప్రోగ్రాం నంబరు పడుతుంది. ఆ షరతు మీదే కొన్నాం."

"నంబరుదేముంది సార్, ఎవడో దొంగనాకొడుకు మీ నెత్తిన టోపీ వెట్టిండు. తీస్కరా, నేను సూస్త."

శశిధర్ నవ్వి బీరువా తెరిచి రెండు నల్లడబ్బాలూ బల్లమీద పెట్టాడు. అంజన్ మొదటిదాన్ని చేతిలోకి తీసుకుని, వాడెవడో మోసగాణ్ని మనసులో ఇంకో రెండు తిట్టుకుంటూ, వెనక్కి తిప్పాడు.

మరలమీద చిలకపచ్చ చుక్కలున్నాయి.

ఈ వ్యాపారంలో ఒక ఆనవాయితీ ఉంది. డబ్బా బిగించాక మర తల మీద గోళ్లరంగు చుక్క పెడతారు. ఇంకెవడైనా విప్పితే చుక్క పగులుతుంది, తరవాత వచ్చే పేచీకి మనం పూచీ కాదు. దుకాణానికో రంగు. బార్కస్ వైపు వాళ్లు ఎరుపు పెడతారు. అంజన్‌ది చిలకపచ్చ. ఆ రంగు ఆడవాళ్లెవరూ వేసుకోరని సీసా చవగ్గా వచ్చింది. రెండో డబ్బా తిప్పాడు. దానిమీదా పచ్చ చుక్కలే, ఒక్కటి కూడా పగల్లేదు.

"ఏమైందిరా?" అంది పుష్పమ్మ.

"ఏం లేదక్కా."

"ఏం లేదంటవేంది? దొంగనాకొడుకెవడో జెప్పు!"

అంజన్ డబ్బాలను ఒకదాని పక్కన ఒకటి మెల్లగా పెట్టాడు. "ఇంటికి పోదాం పా," అన్నాడు.

"గప్పుడే నోరు పడిపాయెనా? నీళ్లిచ్చిండని నోరు మూస్కున్నవా?" అని దారి పొడుగునా బండి వెనక కూర్చుని పుష్పమ్మ తమ్ముడి వీపుతోనే పోట్లాడింది.

దుకాణంలోకి వచ్చి అంజన్ అటకమీంచి గోనెసంచి దించాడు. ఆ రెండూ వచ్చిన వేలంలోనే వచ్చిన డబ్బాల్లో ఒకటి అమ్ముడుపోకుండా మిగిలింది. దాన్ని విప్పుతుంటే అంతా గుర్తొచ్చింది. సోమయ్య అనే దళారి వచ్చి, "ఎవలకో జోడీ గావాల్నట. ఆన్ జేస్తె రెండు ఒకటే నంబరు సూపియ్యాలె, గంతే," అన్నాడు. ఎవరికని అంజన్ అడగలేదు. ఈ వీధిలో విడిడబ్బాకు ఉన్న మర్యాద వేరు, జోడీకి ఉన్న మర్యాద వేరు. ఒక డబ్బాలో కొత్త ప్రోగ్రాం ఉంది, ఒకదానిలో పాతది. పాతదాంట్లో కొత్త ప్రోగ్రాం ఎక్కించాడు. నంబర్లు కలిశాయి. పచ్చ చుక్కలు పెట్టాడు.

మిగిలిన డబ్బాలో ఉన్నది పాత బోర్డే. మూలన చీమంత అక్షరం. ఆ అక్షరం ఆ రోజు చదివాడా? చదివే ఉంటాడు. "నడుస్తది తియ్" అనుకునే ఉంటాడు.

కొత్త ప్రోగ్రాం ఎక్కించాడు. ఒకే మీటకు రెండు తీగలు కట్టి, ఒకటి ఈ డబ్బాకు, ఇంకొకటి తన పెద్ద కొలత గడియారానికి తగిలించాడు. టవర్ నుంచి వచ్చిన ఆ పెద్దది తప్పు చెప్పదు. మీట నొక్కాడు, ఆపాడు. పెద్దది ఒకటి చెప్పింది, చిన్నది ఇంకొకటి చెప్పింది. మళ్లీ నొక్కాడు. తొందరగా నొక్కినా, నిదానంగా నొక్కినా, విసుగొచ్చి గుద్దినా తేడా మాత్రం మారలేదు. చిన్న డబ్బా ప్రతిసారీ సెకనులో పదోవంతు ఎక్కువే చూపింది. వందమీటర్ల పరుగులో ఆ పదోవంతు ఎంత దూరమో అంజన్‌కు తెలుసు. ఒక పిల్ల ముందు నడుం వంచి గీత దాటుతుంటే, వెనక పిల్లకు ఆమె జడ అందనంత దూరం.

పాత ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాడు. తేడా పోయింది.

కళ్లు మూసుకుని చెప్తాడన్నాను కదా? ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకేం సిగ్గు లేదు. గంత కట్టి నేనెన్నడూ చూడలేదు. కట్టినా, కళ్లు తెరుచుకునే ఇంత పొరబాటు చేసినవాడు మూసుకుని ఏం చెప్తాడు?

పక్క దుకాణం బావజీర్ టీ గ్లాసు పట్టుకుని వచ్చి, విప్పిన డబ్బానూ అంజన్ ముఖాన్నీ చూశాడు. సంగతి విని గ్లాసు కింద పెట్టాడు.

"చుప్ బైఠో మియాఁ. బిక్ గయా సో బిక్ గయా, అమ్మింది అమ్మిందే. నువ్ జెప్తె రేపటి కెల్లి నీ తాన జోడీ ఎవడు కొంటడు? నీతోని మా దుకాన్లు గూడ బద్‌నామ్."

"పోరి సీటు పోయింది భాయ్."

"నీ అక్క సెక్రటరీని తిడుతుంది గదా? తిట్టనీ. ఆయన తిట్లకు ఫికర్ జెయ్యడు. నువ్ జేస్తవ్."

అందులో అబద్ధమేం లేదు. అందుకే అంజన్‌కు ఒళ్లు మండింది. ఎవరిమీదో తెలియక చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్‌ను బల్లలోకి గుచ్చాడు. అది నిలువుగా నిలబడి వణికింది.

తెల్లవారి కొట్టంలో పుష్పమ్మ పాలు పితుకుతోంది. మోకాళ్ల మధ్య బకెట్టు, బర్రె పొట్టకు ఆనించిన నుదురు. అంజన్ పక్కన గొంతుక్కూర్చుని అంతా చెప్పాడు. పచ్చ చుక్కలతో మొదలుపెట్టి, అటకమీది డబ్బాతో ముగించాడు.

పుష్పమ్మ చేతులు ఆగలేదు. ఆపడానికి లేదు. మధ్యలో ఆపినా, గొంతు పెంచినా బర్రె బెదిరి పాలు ఎగబట్టుకుంటుంది. కాబట్టి ఆమె జోలపాట పాడినంత మెత్తగా మొదలుపెట్టింది.

"నీ చేతులు ఇరగ," అంది. చుయ్, చుయ్ మని ధార. "నీ దుకాణం మీద మన్నువడ. నీ నంబర్లకు పురుగులువడ. ఆ సారును నేను ఎన్ని తిట్టిన. అన్ని ఇప్పుడు నీయే. తీస్కో."

"తీస్కున్నక్కా."

"నాకు సమజయ్యేటట్టు జెప్పు. పదోవంతు ఎక్కువ ఎట్ల సూపిచ్చె?"

"కొత్త బోర్డు ఉన్నదే, అది తుపాకి సప్పుడు వినంగనే ఉరకది. నిజంగ తుపాకేనా, ఎవడన్న సప్పట్లు కొట్టిండా అని జెర ఆగి సూస్కుంటది. ఆగినంత సేపు లెక్క తక్కువొస్తది గదా. గందుకే కొత్త ప్రోగ్రాం ఆఖరుకు గంత కలుపుతది. సరిపాయె. పాత బోర్డు ఆగనే ఆగది. దాంట్ల నేను కొత్త ప్రోగ్రాం ఎక్కిచ్చిన. ఆగకున్నా కలిపింది."

పుష్పమ్మ బకెట్టులోకి చూసింది. పాలమీద నురగ అంచుదాకా లేచింది.

"హోటలోడు పాలు కొలిసేటప్పుడు నురగకు ఇంత అని కోస్తడు," అందామె, అదే జోలపాట గొంతుతో. "అది న్యాయమే. నురగ పాలు గాదు. నురగ దిగినంక తీస్కపోయిన పాలకు గూడ నురగ కోత కోసినట్టు జేసినవ్. గంతేనా?"

"గంతే అక్కా."

"నా బిడ్డ కాళ్లల్ల నురగ లేదురా."

ఆఖరి ధార పిండి, బకెట్టు దూరంగా జరిపి, బర్రె వీపు నిమిరి, పక్కకు వచ్చి, అప్పుడు కొట్టింది. పాలచెయ్యి. అంజన్ చెంపమీద అయిదు వేళ్లూ తెల్లగా పడ్డాయి. అతను తుడుచుకోలేదు.

"నడు," అందామె. "నాకు జెప్పింది ఆ సారుకు జెప్పు."

ఈసారి లావణ్య కూడా వెంట వచ్చింది. శశిధర్ అంతా విన్నాడు. విన్నంతసేపూ కళ్లజోడు తుడుచుకున్నాడు. తరవాత తలుపు దగ్గరికి వేయించాడు.

"చూడండి అంజన్ గారూ. ఇది బయటికి వెళితే మీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదు. మీరు అమ్మారు, మేం పరీక్షించకుండా వాడాం. ఎందుకొచ్చిన గొడవ? ఒక్క సీటు పెంచుతాను. మీ అమ్మాయికి. ఈ డబ్బా సంగతి ఇక్కడితో మర్చిపోదాం."

ఫ్యాను కిర్రుమంటోంది. పుష్పమ్మ కొంగు సర్దుకుంది. సరే అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. ఎలా తెలుసంటారా? అంజన్ నోటిదాకా కూడా వచ్చింది కనక. పోరి సీటు పోరికి, దుకాణం పరువు దుకాణానికి. బావజీర్‌కు కూడా సంతోషమే.

"మరి నందిని?" అంది లావణ్య.

"ఎవరమ్మా నందిని?" అన్నాడు శశిధర్.

"నా ముంగట వచ్చింది సార్. నేను సెకండు. సెకండును తీసుకుంటె ఫస్టును ఎట్ల ఇడిసిపెడతరు?"

అది మంచితనమేం కాదు. ఆ పిల్లకు లెక్క కుదరలేదు, అంతే. కానీ పుష్పమ్మ చూస్తున్నది కూతుర్ని కాదు, శశిధర్‌ను.

"ఎవరా?" అందామె లేస్తూ. "ఆ పోరి నీ ముంగట ఉరికింది. అందర్లకెల్లి ముందు ఉరికింది. నువ్వు పేరడుగుతున్నవా? నీ మెషీను నంబరైతె యాదికుంటది గాని మనిషి పేరు యాదికుండదా?"

"అమ్మా, గొంతు తగ్గించండి."

"పొద్దుగాల తగ్గిచ్చిన. బర్రెకు తగ్గిచ్చిన. నీకు తగ్గియ్య. అందర్ని మళ్ల ఉరికియ్యి. ఒకటే డబ్బా మీద."

"అది కుదరదండీ. జాబితా అయిపోయింది. రేపట్నుంచి శిక్షణ మొదలు."

"మొదలువెట్టు, సూస్త," అంది పుష్పమ్మ.

మర్నాడు పొద్దున శిక్షణకు వచ్చిన పిల్లలకు మైదానంలో గీతలు కనపడలేదు. గీతల మీద బర్రెలున్నాయి. పుష్పమ్మవి, ఆమె తోటికోడలివి, ఆ వీధిలో కొట్టం ఉన్న ప్రతి ఇంటివీ. పరుగు దారి నిండా పరచుకుని, సున్నపు గీతలమీద గడ్డాలు ఆనించి, నెమరు వేస్తున్నాయి. వాచ్‌మన్ కర్ర పట్టుకుని ఒకదాన్ని అదిలించబోతే అది అతనివైపు తిరిగి మైదానం దద్దరిల్లేలా తుమ్మింది. అతను కర్ర బర్రెలు తోలుకొచ్చినవాళ్లకే ఇచ్చేశాడు.

శశిధర్ కారు దిగాడు. "ఇదేంటమ్మా దౌర్జన్యం?"

"ఎండ సారూ," అంది పుష్పమ్మ, గేటు పక్కన కాళ్లు చాపుకుని. "ఎండకు బర్రెలు జెర నెమ్మదిస్తయ్. మేమేం జెయ్యగలం, నువ్వే జెప్పు."

పూలబుట్ట నెత్తిన పెట్టుకుని నందిని తల్లి వచ్చింది. మధ్యాహ్నం పరుగెత్తిన మిగతా పిల్లల తల్లులు వచ్చారు. అంజన్ అందరి ఎదుటా నిలబడి, డబ్బా తానే అమ్మాననీ, ప్రోగ్రాం తానే ఎక్కించాననీ చెప్పాడు. ఒకావిడ అతని మొహం మీదే ఉమ్మినంత పని చేసింది. ఇంకొకావిడ "థూ" అని నేలమీద ఉమ్మింది. పుష్పమ్మ తమ్ముడికి అడ్డం రాలేదు. వాళ్ల పక్కనే నిలబడింది.

పేడ వాసనో, తల్లుల గొంతులో, గేటు బయట ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్న జనమో, ఏదో ఒకటి పని చేసింది. రేపు అందరూ మళ్లీ పరుగెత్తుతారని శశిధర్ ఒప్పుకున్నాడు. ఒకే డబ్బా మీద. పొద్దున్నే.

మర్నాడు అంజన్ కొత్త బోర్డు డబ్బా పక్కన మోకాళ్లమీద కూర్చున్నాడు. ప్రతి పరుగుకూ ముందు తీగ తట్టి చూశాడు, బ్యాటరీ చూశాడు. తుపాకి పేలిన ప్రతిసారీ డబ్బామీద అంకెలు కదిలాయో లేదో చూశాడు.

నందిని అందరికంటే ముందు వచ్చింది. సీటు వచ్చింది. మధ్యాహ్నపు పిల్లల్లో ఇంకో ఇద్దరికి కూడా వచ్చింది. మొన్న సీటు వచ్చిన పిల్లల్లో కొందరికి పోయింది. వాళ్లలో ఒకతె బూట్లు విప్పి చేతిలో పట్టుకుని గేటుదాకా ఉత్తకాళ్లతో నడిచింది.

లావణ్య ఆఖరి సీటుకు ఒక్క పిల్ల వెనక ఆగిపోయింది. జారలేదు, తడబడలేదు. మిగతావాళ్లు ఆ పొద్దు ఆ పిల్లకంటే వేగంగా పరుగెత్తారు.

పుష్పమ్మ వచ్చి తమ్ముడి మీద నీడ పడేలా నిలబడింది.

"డబ్బా మంచిగనే ఉన్నదారా?"

"మంచిగున్నదక్కా."

"మళ్ల సూడు."

అతను తీగ తీసి పెట్టాడు. మీట నొక్కి, ఆపి, చూశాడు. మూడోసారి కూడా చూశాడు, ఆమె అడక్కుండానే.

"మంచిగనే ఉన్నదక్కా."

ఆమె తలెత్తి అటు తిరిగింది. ఆ కోపాన్ని మోసుకుపోవడానికి ఇప్పుడు చోటు లేదు. తిట్టడానికి సెక్రటరీ లేడు, డబ్బా లేదు, ఎండ లేదు. తమ్ముడున్నాడు. కానీ ఇవాళ్టిది తమ్ముడు చేసింది కాదు. ఆమె కాలితో సున్నపు గీతను రెండుసార్లు తుడిచేసింది.

లావణ్య నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, మామ పక్కన కూర్చుంది. "మొన్న ఓడిపోయినట్టు అనిపియ్యలే మామా," అంది. "ఇయ్యాల అనిపిస్తుంది."

అంజన్ డబ్బా మూత బిగించాడు. మరలమీద చుక్కలు పెట్టలేదు.

అప్పుడే శశిధర్ షామియానాలోంచి ఎండలోకి వచ్చాడు. పిల్లలందర్నీ పిలిచి, పొద్దున పరుగెత్తినవాళ్లనూ మధ్యాహ్నం పరుగెత్తినవాళ్లనూ ఒకే వరసలో నిలబెట్టి, కళ్లజోడు తీసి అన్నాడు: "తప్పు మాది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సింది నేను. మిమ్మల్ని ఒకసారి ఎండలో, ఒకసారి ఏడుపులో పరుగెత్తించాను. నన్ను క్షమించండమ్మా." నందిని పేరు పెట్టి పిలిచాడు. లావణ్యను కూడా.

ఈ కథలో ఒక్క ముక్క నేను కల్పించాను. బర్రెలనుకుంటున్నారు కదూ? బర్రెలు నిజం; ఆ తుమ్ము కూడా నిజమే, వాచ్‌మన్‌ను అడగండి. చెంపమీద పాల వేళ్లు నిజం. పచ్చ చుక్కలు నిజం. నేను కల్పించింది శశిధర్ మాట్లాడిన ఆ నాలుగు మాటలే. ఆయన షామియానా దాటి రాలేదు. పేర్లు చదివించి, కారెక్కి వెళ్లిపోయాడు. ఆ మాటలు లేకుండానే ఈ కథ చాలామందికి చెప్పి చూశాను. విన్నవాళ్లంతా ఆఖరున ఒకటే అడిగారు: "ఇంతకీ ఆయన ఏమన్నాడు?"

ఏమీ అనలేదు.